ముందు దారి, తర్వాతే రాయి

ఇంగ్లండ్‌లోని పాతకాలపు రాతి వలయం స్టోన్‌హెంజ్‌ని చూడ్డానికి రెండు పద్ధతులున్నాయి. ఎక్కువమంది ఎంచుకునేది మొదటిది. సందర్శకుల కేంద్రం దగ్గర దిగి, టికెట్ తీసుకుని, షటిల్ బస్సులో రాళ్ళ దాకా వెళ్ళి, తాడు కట్టిన హద్దు బయట నుంచి ఒక చుట్టు తిరిగి, నాలుగు ఫోటోలు తీసుకుని అదే బస్సులో వెనక్కి వచ్చేయడం. గంట, గంటన్నరలో అయిపోతుంది, అనుకున్నంత పెద్దగా లేదే అన్న చిన్న అసంతృప్తి కూడా చాలామందికి మిగులుతుంది. రెండో పద్ధతిలో తూర్పున ఉన్న కింగ్ బ్యారో రిడ్జ్ అనే మిట్ట దగ్గర మొదలుపెట్టి పచ్చిక బయలు మీదుగా నడుచుకుంటూ రావాలి. మిట్ట మీది నుంచి రాళ్ళు దూరాన చిన్నగా కనిపిస్తాయి. పల్లంలోకి దిగుతున్నకొద్దీ నేల వాటిని మింగేస్తుంది. స్టోన్‌హెంజ్ బాటమ్ అని పిలిచే ఆ పల్లం అడుగుకి చేరేసరికి రాళ్ళు కనుమరుగైపోతాయి. ఎదురుగా ఉన్న వాలు ఎక్కడం మొదలుపెడితే ముందు పై అడ్డురాళ్ళు, తర్వాత నిలువురాళ్ళు, ఆఖరికి మొత్తం కట్టడం ఆకాశానికి ఆనించి నిలబెట్టినట్టు లేచి వస్తుంది. రాళ్ళు అవే, కానీ ఈసారి చిన్నగా అనిపించవు.

ఇది ఇప్పటి నడక ప్రియులు కనిపెట్టిన అడ్డదారేమీ కాదు. ఆ వాలు ఎక్కే చివరి భాగం కట్టినవాళ్ళు వేసిన దారే. ఏవన్ నది ఒడ్డు నుంచి రాళ్ళ దాకా, రెండున్నర కిలోమీటర్ల పొడవున, రెండు పక్కలా కందకం తవ్వి కట్ట పోసి ఒక దారి చేశారు. పురావస్తు శాస్త్రజ్ఞులు దీన్ని అవెన్యూ అంటారు. నాలుగు వేల ఏళ్ళకు పైగా వానకీ నాగలికీ అరిగి అరిగి ఆ కట్టలు ఇప్పుడు చాలాచోట్ల గడ్డిలో చిన్న ఉబ్బులా మిగిలాయి, కొన్నిచోట్ల అదీ లేదు. దాని మీదే నడుస్తూ దాన్ని గమనించకుండా దాటిపోయేవాళ్ళే ఎక్కువ. అసలు విషయం ఇక్కడే ఉంది. చరిత్రకు పూర్వపు కట్టడాల్లో చాలావాటికి, దగ్గరికి వచ్చే దారి కూడా కట్టడంలో భాగమే, అందుకే రాయి దగ్గర దిగి రాయిని చూసి వెళ్ళిపోతే చూడాల్సినదాంట్లో సగం చూడనట్టే.

దారిని బట్టి అర్థం కూడా మారిపోతుంది. అవెన్యూ చివరి అరకిలోమీటరు ఈశాన్యం నుంచి నైరుతికి తిన్నగా సాగుతుంది. జూన్ 21 ప్రాంతంలో, అంటే ఏడాదిలో అతి పొడవైన పగటి రోజున, సూర్యుడు ఈ గీత మీదే ఈశాన్యాన ఉదయిస్తాడు. ఏటా వేలమంది ఆ తెల్లవారుజామున రాళ్ళ మధ్య నిలబడి అటు చూస్తారు, వార్తల్లో ఆ ఫోటోలే వస్తాయి కాబట్టి స్టోన్‌హెంజ్ అంటే వేసవి సూర్యోదయం అన్న లెక్క అందరి మనసుల్లో పడిపోయింది. కానీ అవెన్యూలో నడిచి వచ్చే మనిషి ముఖం ఎటుంటుంది? నైరుతికి. వేసవి సూర్యుడు ఉదయించే వైపు అతని వీపు ఉంటుంది. అతను చూస్తున్నది డిసెంబర్‌లో అతి చిన్న పగలు ముగిసేటప్పుడు సూర్యుడు కుంగే చోటుని. రాళ్ళకు మూడు కిలోమీటర్ల దూరంలోని డరింగ్టన్ వాల్స్ అనే పాత నివాసంలో కుప్పలుగా దొరికిన పంది ఎముకలు కూడా ఈ మాటే చెబుతున్నాయి. పళ్ళను బట్టి చూస్తే ఆ పందుల్లో చాలావాటిని తొమ్మిది నెలల వయసులో కోశారు, వసంతంలో పుట్టిన పందికి తొమ్మిది నెలలు నిండేది చలికాలం నడిమిలోనే. విందులు శీతాకాలంలో జరిగాయన్నమాట. ఎముకల సాక్ష్యం ప్రయోగశాల నుంచి వచ్చింది, కానీ అది ఎంత సరిగ్గా కుదురుతుందో ఆ దారిలో ఒకసారి నడిచినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అక్కడే ఇంకో విశేషం బయటపడింది. 2008లో అవెన్యూని అడ్డంగా తవ్వి చూస్తే కింద సుద్దరాతిలో మంచుయుగం నాటి సహజమైన గాళ్ళు, గట్లు కనిపించాయి. మనుషులు చేసినవి కావు, గడ్డకట్టి కరిగిన నీళ్ళు చేసినవి. అవి యాదృచ్ఛికంగా సూర్యుడి గీత మీదే ఉన్నాయి. ముందు నేలే ఒక దారి చూపించిందనీ, ఆకాశానికీ భూమికీ లంకె కుదిరిన చోటని మనుషులు దాన్ని గుర్తించి ఉంటారనీ, ఆ స్థలాన్ని ఎంచుకోవడానికి అదే కారణం కావచ్చనీ తవ్వినవాళ్ళ వాదన. ఇంత చరిత్ర ఉన్న దారిని ఒక తారురోడ్డు రాళ్ళ పక్కనే అడ్డంగా కోసేసి ఉండేది. 2013లో ఆ రోడ్డుని మూసి, తారు తీసేసి, గడ్డి వేశారు. అవెన్యూ మళ్ళీ రాళ్ళని కలిసింది. టికెట్ల కేంద్రం కొత్తగా కట్టారన్నదే ఎక్కువగా వార్తయింది గానీ, ఆ కొత్త భవనం కన్నా ఈ కలపడమే పెద్ద పని.

స్టోన్‌హెంజ్‌కి ఉత్తరాన ముప్ఫై కిలోమీటర్ల లోపే ఉన్న ఏవ్‌బరీలో ఈ సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ తాడూ లేదు, రాళ్ళ చుట్టూ తిరగడానికి టికెట్టూ లేదు. ఏవ్‌బరీ ఒక హెంజ్, అంటే గుండ్రటి కందకం, దాని బయట ఎత్తైన కట్ట. కట్ట చుట్టుకొలత కిలోమీటరుకు పైనే. లోపల ఒక ఊరిలో కొంత భాగం, రోడ్లు, ఇళ్ళు, వాటి మధ్య ప్రపంచంలోనే పెద్దదైన రాతి వలయం. 1649లో పాత కట్టడాల మీద ఆసక్తి ఉన్న జాన్ ఆబ్రే వేటకు వచ్చి దీన్ని చూసి ఆశ్చర్యపోయాడు, అప్పటిదాకా పండితుల దృష్టి దీని మీద పెద్దగా పడలేదు. మధ్యయుగంలో కొన్ని రాళ్ళని పడేసి పూడ్చేశారు, 17, 18 శతాబ్దాల్లో చాలావాటిని మంట పెట్టి, కాగిన రాయి మీద నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళు కట్టుకున్నారు. 1930లలో పురావస్తు శాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ కీలర్ సొంత డబ్బుతో స్థలం కొని, పూడ్చిన రాళ్ళని లేపి నిలబెట్టించాడు. ఒక రాయి కింద 14వ శతాబ్దపు మనిషి ఎముకల గూడు, పక్కనే కత్తెర, నాణేలు దొరికాయి.

ఏవ్‌బరీకి నడిచి రావాల్సిన దారి వెస్ట్ కెనెట్ అవెన్యూ. ఓవర్టన్ హిల్ మీదున్న శాంక్చువరీ అనే చోట మొదలై, రెండున్నర కిలోమీటర్ల దాకా జంటరాళ్ళ మధ్య సాగి హెంజ్ దక్షిణ ద్వారానికి చేరుతుంది. ఒకప్పుడు వంద జతల దాకా ఉండేవని అంచనా, ఇప్పుడు ఉత్తరపు సగంలో కొన్ని రాళ్ళు నిలబడి ఉన్నాయి, రాయి పోయిన చోట చిన్న కాంక్రీటు గుర్తులు పెట్టారు. చాలాచోట్ల ఒక పక్క సన్నగా పొడుగ్గా ఉన్న రాయి, ఎదురుగా వెడల్పుగా వజ్రం ఆకారంలో ఉన్న రాయి కనిపిస్తాయి. స్త్రీ పురుషులని కొందరు వ్యాఖ్యానించారు గానీ అది ఊహే, అంతకు మించి బలం లేదు. గమనించాల్సింది వేరే ఉంది. ఈ దారి వంకరలు తిరుగుతూ వస్తుంది, కట్ట ఎత్తు వల్ల హెంజ్ లోపల ఏముందో ద్వారం దగ్గరికి వచ్చేదాకా సరిగ్గా తెలియదు. వచ్చేవాళ్ళకి ఏది ఎప్పుడు కనిపించాలో ఎవరో కూర్చుని ఆలోచించినట్టే ఉంటుంది. కారు పార్కింగ్ నుంచి ఊరి వీధిలోంచి వలయంలోకి అడుగుపెట్టేవాళ్ళకి ఈ ఆలోచన తగలదు.

అక్కడికి దగ్గర్లోనే సిల్బరీ హిల్ ఉంది. క్రీ.పూ. 2400 ప్రాంతంలో చేత్తో పోసిన దిబ్బ, ముప్ఫై మీటర్లకు పైగా ఎత్తు, యూరప్‌లో చరిత్రకు పూర్వం మనిషి పోసిన దిబ్బల్లో అతి పెద్దది. ఇంత దిబ్బ పోయాలనుకున్నవాళ్ళు పక్కనున్న మిట్టెక్కి పోసుంటే మైళ్ళ దూరం కనపడేది. వాళ్ళు పల్లంలో, నీటి ఊటల దగ్గర పోశారు. దాంతో చుట్టుపక్కల నడుస్తుంటే అది ఒకసారి కొండలా ముందు నిలబడుతుంది, ఇంకాసేపటికి దాని చదునైన తల ఒక్కటే గట్టు మీద నుంచి తొంగి చూస్తుంది, ఇంకో మలుపులో పూర్తిగా మాయమవుతుంది. లోపల సమాధి ఉంటుందని మూడు శతాబ్దాల్లో మూడుసార్లు లోపలికి తవ్వారు, ఏమీ దొరకలేదు. పైగా ఆ పాత తవ్వకాల వల్లే 2000లో దిబ్బ నడినెత్తిన పెద్ద గొయ్యి పడింది, 2007, 2008లలో లోపలంతా సుద్దతో నింపి బాగుచేశారు. దాని మీదికి ఎక్కకూడదు. ఎక్కేవాళ్ళని చూసి మనమూ ఎక్కేద్దామనుకోవడం తప్పు, వాళ్ళ కాళ్ళ కింద అరుగుతున్నది నాలుగు వేల నాలుగొందల ఏళ్ళ నాటి పని.

సిల్బరీకి దక్షిణాన, పొలాల మధ్య కాలిబాట పట్టి మిట్ట ఎక్కితే వెస్ట్ కెనెట్ లాంగ్ బ్యారో వస్తుంది. వంద మీటర్ల పొడవున్న సమాధి దిబ్బ, క్రీ.పూ. 3650 ప్రాంతానిది, అంటే స్టోన్‌హెంజ్ పెద్దరాళ్ళ కంటే వెయ్యేళ్ళు పాతది. లోపల ఐదు రాతి గదులు, వాటిలో కనీసం 36 మంది ఎముకలు దొరికాయి. వందల ఏళ్ళపాటు తరతరాలుగా పూడ్చారేమో అనుకునేవాళ్ళు, కానీ రేడియోకార్బన్ లెక్కల్ని కొత్తగా సరిచూస్తే మొదటి దఫా పూడ్చడం అంతా ఒకటి రెండు తరాల లోపే జరిగిపోయిందని తేలింది. ఆ తర్వాత చాలాకాలం దిబ్బ తెరిచే ఉంది. చివరికి గదుల్ని మట్టితో, సుద్దతో నింపి, ముందు భారీ రాళ్ళు నిలబెట్టి మూసేశారు. వంగి లోపలికి వెళ్ళి చీకటికి కళ్ళు అలవాటయ్యేదాకా ఆగి, మళ్ళీ బయటికొచ్చి అటు సిల్బరీ తల చూస్తే, ఈ కట్టడాల మధ్య ఉన్న వెయ్యేళ్ళ తేడా నడకలో పావుగంటయిందని అర్థమవుతుంది. సిల్బరీ పోసినవాళ్ళకి ఈ సమాధి అప్పటికే పురాతన కట్టడం.

వెస్ట్ కెనెట్ అవెన్యూ మొదలయ్యే శాంక్చువరీ పక్కనే రిడ్జ్‌వే అనే కాలిబాట మొదలవుతుంది. 1973లో జాతీయ బాటగా తెరిచారు, ఓవర్టన్ హిల్ నుంచి ఐవింగో బీకన్ దాకా 139 కిలోమీటర్లు, చాలావరకు సుద్దకొండల వీపు మీదుగా వెళ్తుంది. సుద్దనేల వాననీటిని పీల్చేస్తుంది, కింద లోయలోని బంకమట్టి నీళ్ళు పట్టి ఉంచుకుంటుంది, కాబట్టి పాతకాలం మనుషులు పశువుల్ని తోలుకుని పైనుంచే పోయేవాళ్ళన్నది తేలిగ్గా నమ్మబుద్ధేసే మాట. దీని మీదే, ఐదువేల ఏళ్ళ పాత రోడ్డు, బ్రిటన్‌లోకెల్లా పాత రోడ్డు అని అన్నిచోట్లా రాస్తుంటారు. ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. ఓవర్టన్ డౌన్ మీద ఈ బాట చరిత్రకు పూర్వపు పొలాల గట్లని దాటుకుంటూ వాటి మీదుగా వెళ్తుంది. పొలాలు వాడుకలో ఉన్నప్పుడు వాటి మధ్యలోంచి అలా పెద్ద రహదారి పోదు, కాబట్టి ఆ భాగంలో ఇప్పటి బాట పొలాల కంటే కొత్తదన్నమాట. మిట్టల మీద రాకపోకలు పాతవే కావచ్చు. కానీ మనం కాలు పెడుతున్న గీత అంత పాతదని చెప్పలేం. ఈ తేడా తెలిస్తే నడక రుచి తగ్గదు, గట్టు మీద బాట ఎక్కిన చోటుని వెతుక్కుంటూ పోవచ్చు, అదొక అదనపు ఆనందం.

రిడ్జ్‌వే మీద తూర్పుకి రెండు రోజుల నడకలో వేలాండ్స్ స్మిదీ అనే సమాధి దిబ్బ, బీచ్ చెట్ల మధ్య, ముందు నిలువురాళ్ళతో ఉంటుంది. గుర్రాన్ని వదిలి, ఒక నాణెం పెట్టి వెళ్తే తెల్లారేసరికి కనపడని కమ్మరి నాడాలు కొట్టి ఉంచుతాడని అక్కడి కథ. ఇంకాస్త ముందుకెళ్తే అఫింగ్టన్ తెల్లగుర్రం. కొండవాలు మీద కందకాలు తవ్వి సుద్ద నింపి గీసిన 110 మీటర్ల బొమ్మ. మట్టిరేణువులకు చివరిసారి ఎండ ఎప్పుడు తగిలిందో కొలిచే పద్ధతితో 1990లలో దీని వయసు తేల్చారు, కంచుయుగం చివరి నుంచి ఇనుపయుగం మధ్య, అంటే క్రీ.పూ. 1380, 550 ల నడుమ ఎప్పుడో గీశారు. ఆశ్చర్యం వయసులో లేదు. సుద్ద మీద గడ్డి ఊరుకోదు, కొన్ని దశాబ్దాలు వదిలేస్తే బొమ్మ చెరిగిపోతుంది. అంటే దాదాపు మూడు వేల ఏళ్ళు ఏ తరంలోనూ ఎవరూ దాన్ని పూర్తిగా వదిలేయలేదు. భాషలు మారాయి, దేవుళ్ళు మారారు, రాజ్యాలు పోయాయి, గడ్డి పీకేవాళ్ళు మాత్రం ఉన్నారు. దగ్గర నిలబడితే గుర్రం కనపడదు, తెల్లటి వంపులు కొన్ని కనిపిస్తాయంతే. లోయలోకి దిగి దూరం పోయాకే అది గుర్రమవుతుంది.

డార్ట్‌మూర్ వేరే లోకం. నైరుతి ఇంగ్లండ్‌లో గ్రానైట్ రాయి మీద పీట్ అనే నల్లటి తడిమట్టి పేరుకున్న బయలు. ఇక్కడ ఒక పెద్ద కట్టడాన్ని చూసి రావడమంటూ ఉండదు, నేల మొత్తం కంచుయుగం నాటి ఊళ్ళూ పొలాలే. గ్రిమ్స్‌పౌండ్‌లో రాతి ప్రహరీ లోపల 24 గుండ్రటి గుడిసెల పునాదులున్నాయి, కొన్నిటికి ద్వారం ముందు గాలి తగలకుండా కట్టిన మెలిక గోడ ఇంకా అలాగే ఉంది. 1970లలో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆండ్రూ ఫ్లెమింగ్ ఇక్కడ నడుస్తూ, అందరూ మధ్యయుగపు గట్లనుకుని వదిలేసిన రాతివరసల్ని పట్టించుకున్నాడు. రీవ్‌లు అని పిలిచే ఆ గట్లు కొండల్నీ వాగుల్నీ లెక్కచేయకుండా కిలోమీటర్ల కొద్దీ సమాంతరంగా సాగుతాయి. క్రీ.పూ. 1500 ప్రాంతంలో ఒక పద్ధతి ప్రకారం నేలని పంచుకున్న గుర్తులవి. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు సాయం చేశాయి, కానీ గట్టు ఎక్కడ మొదలైంది, ఏ గట్టు దేని మీద కూర్చుంది అన్నది కాళ్ళతో తిరిగి తేల్చుకోవాల్సిందే.

అక్కడి రాళ్ళ వరుసలు 70కి పైనే. ఎర్మ్ నది ఎగువన ఉన్న వరుస మూడు కిలోమీటర్లకు పైగా పొడవుంటుంది, ఒక రాతి వలయం దగ్గర మొదలై నదిని దాటి గ్రీన్ హిల్ మీదికి పోతుంది. రాళ్ళు చాలావరకు మోకాలెత్తు కూడా ఉండవు. ఫోటోలో ఇది ఎందుకూ కొరగాదు, పది రాళ్ళ కంటే ఫ్రేములో పట్టవు, అవి కూడా గడ్డిలో కలిసిపోయి ఉంటాయి. నడిస్తే మాత్రం ఒక రాయి తర్వాత ఇంకో రాయి వెతుక్కుంటూ, పొగమంచు కమ్మితే దాన్నే నమ్ముకుని, ఏటి దగ్గర చెప్పులు విప్పి దాటి అవతల మళ్ళీ వరుస అందుకోవడం ఉంటుంది చూడండి, ఆ కట్టడాన్ని చదవడానికి వేరే పద్ధతి లేదు. ఎవరు ఎందుకు పేర్చారో తెలియకపోయినా, ఒకరి వెనక ఒకరు నడవడానికి పనికొచ్చే ఆకారమన్నది మాత్రం ఒళ్ళు చెబుతుంది.

ఒళ్ళు చెప్పేదాన్ని ఎంతవరకు నమ్మాలన్నది పెద్ద చర్చే. 1990లలో క్రిస్టఫర్ టిల్లీ లాంటి పురావస్తు శాస్త్రజ్ఞులు కట్టడాల మధ్య నడిచి, ఎక్కడ ఏది కనిపిస్తుందో, ఏది దాగుతుందో రాసుకుని, దాన్నుంచే పాతకాలపు ఆలోచనని అందుకోవచ్చన్నారు. డార్సెట్‌లో పది కిలోమీటర్ల పొడవున్న కర్సస్ అనే జోడుకట్టల నిర్మాణం వెంట టిల్లీ చేసిన నడక ఇందులో పేరుపొందింది. ఫ్లెమింగ్ దీన్ని గట్టిగా విమర్శించాడు. ఇప్పుడు కనిపించే కొండ అప్పుడు చెట్ల వెనక ఉండొచ్చు, చూడాలనుకున్నది చూసేయడం చాలా తేలిక, ఇంకొకరు నడిచి అదే చూశారా అని తనిఖీ చేసే పద్ధతేది అని. ఈ విమర్శలో బలముంది. నేలలోని పుప్పొడి, నత్తగుల్లల్ని బట్టి ఎక్కడ అడవి ఉండేదో, ఎక్కడ గడ్డి ఉండేదో కొంతవరకు చెప్పొచ్చు. స్టోన్‌హెంజ్ చుట్టూ నేల చాలా ముందే తెరిపిగా ఉండేదని తెలిసింది కాబట్టి అక్కడి దృశ్యం గురించి మాట్లాడటం కాస్త నయం, ప్రతిచోటా అలా కాదు. నడక ప్రశ్నలు పుట్టించడానికి గొప్ప సాధనం, జవాబులు మాత్రం మట్టినీ ఎముకల్నీ అడిగి సరిచూసుకోవాలి.

ఇంకో మోసం కూడా ఉంది. కట్టడాలన్నీ కొండల మీదా, బయళ్ళలోనే కనిపిస్తాయి కాబట్టి పాతవాళ్ళకి ఎత్తులంటే ఇష్టమనిపిస్తుంది. నిజానికి లోయల్లోని మంచి నేలని వందల ఏళ్ళుగా దున్నేశారు, అక్కడివి నేలమట్టమయ్యాయి, దున్నని చోటే మిగిలాయి. పోయినవి పూర్తిగా పోలేదు. పాత కందకం పూడినచోట తేమ ఎక్కువ, పైరు ఏపుగా పెరుగుతుంది, రాయి కింద ఉన్నచోట ముందు ఎండిపోతుంది, ఎండలు ముదిరిన ఏడాది ఆ రంగుల తేడా పైనుంచి బొమ్మలా కనిపిస్తుంది. 1925లో గిల్బర్ట్ ఇన్సాల్ విమానంలోంచి చూసి ఉడ్‌హెంజ్ అనే చెక్కస్తంభాల వలయం జాడని కనిపెట్టింది ఇలాగే. 2018 కరువులో ఐర్లండ్ బాయిన్ లోయలో డ్రోన్‌తో ఒక పెద్ద హెంజ్ బయటపడింది. 2013 వేసవిలో స్టోన్‌హెంజ్‌లోనే గొట్టం అందక నీళ్ళు పడని పక్కన గడ్డి మచ్చలుగా ఎండింది, వలయంలో రాళ్ళు లేని చోట ఒకప్పుడు రాళ్ళు ఉన్న గుంతల జాడలవి. అక్కడ పనిచేసేవాళ్ళు మామూలుగా నడుస్తూ గమనించారు.

నడవాలనుకునేవాళ్ళకి అక్కడ దొరికే పెద్ద సాయం ఆర్డ్‌నెన్స్ సర్వే మ్యాప్. 1:25,000 కొలతలో వచ్చే ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో కాలిబాటలు ఆకుపచ్చ గీతలతో, తిరగడానికి హక్కున్న బయళ్ళు లేత పసుపుతో ఉంటాయి. పురాతన స్థలాల పేర్లు పాతకాలపు గోతిక్ అక్షరాల్లో అచ్చేస్తారు. ఆ అక్షరాలు ఎక్కడ గుంపుగా కనిపిస్తే అక్కడ బాట ఉందేమో చూసుకుని మార్గం గీసుకుంటే చాలు, ఏ గైడూ చెప్పని దిబ్బలు పదైనా దొరుకుతాయి. వాటిలో సగం దగ్గరికి పోతే చిన్న ఉబ్బే ఉంటుంది, నిరాశపడొద్దు. సూర్యుడు వాలి ఉన్నప్పుడు వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం కనపడని గట్టు సాయంత్రం నాలుగింటికి నీడ పడి తేలుతుంది. శీతాకాలం, వసంతం మొదలూ మంచివి, ఎందుకంటే ఎండాకాలంలో బ్రాకెన్ అనే ఫెర్న్ మొక్కలు నడుములోతు పెరిగి రాళ్ళ వరుసల్ని మూసేస్తాయి. డార్ట్‌మూర్ ఉత్తర భాగంలో, సాలిస్‌బరీ మైదానంలో సైన్యం కాల్పుల సాధన ప్రాంతాలున్నాయి, ఎర్రజెండా ఎగురుతుంటే లోపలికి పోకూడదు. బయళ్ళలో మంచు కమ్మితే ఫోన్‌ని నమ్ముకోవద్దు, కాగితం మ్యాపూ దిక్సూచీ వాడటం ముందే నేర్చుకుని వెళ్ళాలి.

ఈ నడిచే హక్కు ఊరికే రాలేదు. 1871లో ఏవ్‌బరీలో ఇళ్ళ స్థలాలు వేస్తున్నారని తెలిసి పార్లమెంటు సభ్యుడు జాన్ లబక్ ఆ భూమి కొనేశాడు, 1882లో మొదటి కట్టడాల రక్షణ చట్టం వెనక ఉన్నదీ ఆయనే. కట్టడాలకి చట్టం వచ్చింది గానీ మనుషులకి బయలు మీద కాలు పెట్టే హక్కు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. 1932లో కిండర్ స్కౌట్ కొండ మీదికి వందలమంది కావాలనే అతిక్రమించి నడిచారు, కొందరు జైలుకెళ్ళారు. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం, 2000లో ఇంగ్లండ్, వేల్స్‌లలో కొండలూ బయళ్ళలో స్వేచ్ఛగా తిరిగే చట్టం, 2003లో స్కాట్లండ్‌లో ఇంకా విస్తారమైన హక్కు వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో హక్కు ఉన్న బయళ్ళలోనూ మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కల్ని తాడు కట్టి పట్టుకునే నడిపించాలి, నేల మీద గూళ్ళు కట్టే పక్షుల కోసం. పొలం గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి.

రాళ్ళకి ఇప్పుడు వాన కంటే అభిమానుల వల్లే ఎక్కువ నష్టం. వెస్ట్ కెనెట్ సమాధిలో కొవ్వొత్తులు వెలిగిస్తారు, మసి రాతిలోకి ఇంకిపోతుంది, వేడికి రాయి పెచ్చులూడుతుంది. పగుళ్ళలో నాణేలు దూరుస్తారు, అవి తుప్పుపట్టి ఉబ్బి పగులుని పెంచుతాయి. రాళ్ళ కుప్ప కనిపిస్తే గుర్తుగా ఇంకో రాయి తెచ్చి పేరుస్తారు, ఆ రాయి పక్కనున్న కంచుయుగపు గుడిసె గోడలోదై ఉండొచ్చు. రాతి మీద బూడిదరంగు, పసుపు రంగు మచ్చలు మురికి కాదు, లైకెన్, చాలావరకు ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగని ప్రాణి. గోరుతో గీకితే ఒక శతాబ్దం ఊడొస్తుంది. ఒకే బాట మీద అందరూ నడవడం వల్ల గట్టు అరుగుతుంటే అక్కడి నిర్వాహకులు అప్పుడప్పుడూ బాటని పక్కకి మళ్ళిస్తారు, ఆ బోర్డు కనిపిస్తే పాత బాట మీద గడ్డి మొలిచేదాకా పక్కదారిలోనే నడవాలి.